చేతికి రాని మందుల చీటీ

డాక్టర్ల చేతిరాత మీద మనవాళ్ళు వేసినన్ని జోకులు ఇంక దేనిమీదా వేసి ఉండరు. కోడి కెలికినట్టుందనీ, రాసినాయనకీ మందుల షాపు అబ్బాయికీ తప్ప మూడో మనిషికి అర్థం కాదనీ వింటూ పెరిగాం. అమెరికాలో ఆ జోకులకి కాలం చెల్లింది. ఇక్కడ డాక్టరుగారు చీటీ రాయరు. కంప్యూటర్లో నాలుగుచోట్ల నొక్కి, "మీ ఫార్మసీకి పంపించేశాను, సాయంత్రం తీసుకోండి" అంటారు. మనం ఉత్తచేతులతో బయటికొస్తాం. కాసేపటికి మందు రెడీ అని ఫోనుకి మెసేజ్ వస్తుంది. వెళ్ళి, పేరూ పుట్టినతేదీ చెప్పి, పిన్ను కొట్టిన కాగితం సంచీ తెచ్చుకుంటాం.

సుఖంగానే ఉంది, కాదనను. కానీ ఈ సుఖంలో మన చేతిలోంచి ఒకటి జారిపోయింది. దాని గురించి ఎవరూ మాట్లాడటం లేదు. చీటీ అంటే డాక్టరు మందుల షాపుకి రాసే ఉత్తరం. నిజమే, కానీ ఆ ఉత్తరం దారిలో కాసేపు మన చేతిలో ఉండేది. చదివేవాళ్ళం, అర్థం కాకపోతే అడిగేవాళ్ళం, ఇంటికి తెచ్చి డబ్బాలో దాచేవాళ్ళం. ఇప్పుడది మన గుమ్మం తొక్కకుండానే కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కి వెళ్ళిపోతోంది. ఇంట్లో ఎవరు ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో చూసే మనిషికి ఆ ప్రయాణంలో చోటు లేదు. ఆ మనిషి చాలా ఇళ్ళల్లో మనమే.

అందుకని నేననేది ఇదీ: కంప్యూటర్లో రాయడం ఉండాల్సిందే. కానీ దాని నకలు ఒకటి, మనకి అర్థమయ్యేట్టుగా, డాక్టరు గది దాటేలోగా మన చేతికి రావాలి. వాళ్ళంతట వాళ్ళు ఇవ్వకపోతే మొహమాటపడకుండా అడిగి తీసుకోవాలి.

ముందు ఈ పద్ధతిలో ఉన్న మంచి చెప్పుకోవాలి. ఊరికే రాలేదిది. అమెరికాలో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ అనే సంస్థ 2006లో ఒక నివేదిక ఇచ్చింది. మందుల పొరపాట్ల వల్ల ఈ దేశంలో ఏటా కనీసం 15 లక్షల మందికి హాని జరుగుతోందని అందులో అంచనా వేశారు. 2010 కల్లా చీటీలన్నీ కంప్యూటర్లోనే రాయాలని సిఫారసు చేశారు. న్యూయార్క్ రాష్ట్రం 2016 మార్చి 27 నుంచి దాదాపు అన్ని చీటీలూ కంప్యూటర్లోనే పంపాలని చట్టం అమలుచేసింది. కాలిఫోర్నియా 2022 జనవరి 1 నుంచి అదే దారి పట్టింది. రాత అర్థంకాక ఒక మందుకి బదులు ఇంకోటి ఇవ్వడం, చీటీ పారేసుకోవడం, మత్తుమందుల కోసం దొంగచీటీలు రాయడం, వీటన్నిటికీ దీంతో బాగా అడ్డుకట్ట పడింది.

చీటీ ఎలా వెళ్తుందో తెలిస్తే, మనం ఎక్కడ కన్నేసి ఉంచాలో కూడా తెలుస్తుంది. డాక్టరు మందు పేరులో మొదటి మూడు నాలుగు అక్షరాలు కొట్టగానే ఒక జాబితా కిందికి దిగుతుంది. అందులోంచి మందు, మోతాదు, రోజుకి ఎన్నిసార్లు, ఎన్ని మాత్రలు, ఎన్ని రీఫిల్స్, ఏ ఫార్మసీ, ఇవన్నీ ఎంచుకుంటారు. మన ఎలర్జీలూ, వేసుకుంటున్న మిగతా మందులూ అక్కడ సరిగ్గా ఎక్కించి ఉంటే, పడనిది రాసినప్పుడు కంప్యూటర్ హెచ్చరిస్తుంది. తర్వాత ఆ చీటీ సూర్‌స్క్రిప్ట్స్ లాంటి నెట్‌వర్క్ మీదుగా ఫార్మసీకి చేరుతుంది. అక్కడ ఫార్మసిస్టు సరిచూసి, ఇన్సూరెన్సుకి పంపి, మందు సీసాలో పోసి పెడతారు.

ఇందులో రాత పొరపాటు పోయింది, సరే. ఎంపిక పొరపాటు కొత్తగా వచ్చింది. హైడ్రాలజైన్ బీపీకి ఇస్తారు, హైడ్రాక్సిజైన్ దురదకీ ఆందోళనకీ ఇస్తారు. పేర్లు రెండూ ఒకేలా మొదలవుతాయి, జాబితాలో పక్కపక్కనే కూర్చుంటాయి. ఇలా తికమకపడే పేర్ల పట్టికనే తయారుచేసి పెట్టింది, మందుల భద్రత మీద పనిచేసే ఐఎస్ఎంపీ అనే సంస్థ. కీళ్ళవాతానికి వాడే మెథోట్రెక్సేట్ సంగతి ఇంకా భయం పుట్టిస్తుంది. దాన్ని వారానికి ఒక్కసారే వేసుకోవాలి. అలవాటుకొద్దీ "రోజూ" అని ఎంచుకుంటే ప్రాణం మీదికొస్తుంది. దీని గురించి ఆ సంస్థ ఏళ్ళుగా హెచ్చరిస్తూనే ఉంది.

అర్థంకాని రాతని ఎవరైనా అనుమానిస్తారు. ముత్యాల్లాంటి అచ్చక్షరాల్లో ఉన్న తప్పుని ఎవరు అనుమానిస్తారు చెప్పండి? డాక్టరు నోటితో అన్నది విన్నవాళ్ళే కదా. "వారానికి ఒకసారి అన్నారే, సీసా మీద రోజూ అని ఉందేమిటి?" అని అడగగలిగేది గదిలో పక్కన కూర్చుని విన్న కూతురో కోడలో భార్యో. కాకపోతే ఆవిడ చేతిలో పోల్చి చూసుకోవడానికి ఒక కాగితం ఉండాలి.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టేది మొదలుపెట్టిన మందు కాదు, ఆపేసిన మందు. మా అత్తయ్యగారికి బీపీకి ఎమ్లోడిపిన్ ఇచ్చేవారు. చీలమండల దగ్గర వాపు వస్తోందని డాక్టరుగారు అది ఆపేసి లోసార్టన్ రాశారు. ఆపేశానని నోటితో చెప్పారు, ఆయన కంప్యూటర్లోంచి తీసేశారు కూడా. కొన్ని వారాల తర్వాత ఫార్మసీ నుంచి రెండు మందులు రెడీ అని మెసేజ్ వచ్చింది. సంచీ విప్పి చూస్తే కొత్తదీ ఉంది, పాతదీ ఉంది. కౌంటర్ దగ్గరే అడిగాను. "పాతదానికి ఇంకా రీఫిల్స్ ఉన్నాయి, ఆపమని మాకేమీ రాలేదు" అంది ఫార్మసిస్టు.

ఆ అమ్మాయి చెప్పింది నిజమే. కొత్త మందు కొత్త చీటీగా వెళ్తుంది గానీ, పాత చీటీ దానంతట అది చావదు. ఆటో రీఫిల్ పెట్టుకుంటే నెల నెలా తయారవుతూనే ఉంటుంది. ఫలానా చీటీ రద్దు అని ఫార్మసీకి కంప్యూటర్లోనే సందేశం పంపే ఏర్పాటు లేకపోలేదు. అది డాక్టరు వైపూ ఫార్మసీ వైపూ రెండుచోట్లా వాడుకలో ఉంటేనే పనిచేస్తుంది. పైగా ఎమ్లోడిపిన్, లోసార్టన్ కలిపి ఇవ్వడం మామూలే కాబట్టి ఏ కంప్యూటరూ ప్రమాదం అని అరవదు. అత్తయ్యగారు ఒక్కరే ఉంటే, సంచీలో వచ్చింది కదా, డాక్టరే పంపి ఉంటారని రెండూ వేసుకునేవారు. ఆ వయసులో బీపీ ఒక్కసారిగా దిగి, తెల్లవారుజామున బాత్రూంలో కళ్ళు తిరిగి పడితే తుంటి ఎముక సంగతి ఏమిటి? ఆ ప్రశ్నకి జవాబు చెప్పాల్సిన కంప్యూటర్ ఏదీ లేదు.

మన తెలుగిళ్ళల్లో దీనికి తోడు ఇంకో చిక్కుంది. మందులు రెండు దేశాలవి, పేర్లు రెండు రకాలు. అమ్మావాళ్ళు వస్తూ వస్తూ సూట్‌కేసులో ఆరునెలల మందులు తెచ్చుకుంటారు. ఆ మందులేవీ ఇక్కడి డాక్టరు కంప్యూటర్లో ఉండవు, మనం చెప్పి ఎక్కిస్తే తప్ప. మనం పారాసెటమాల్ అనేదాన్ని ఇక్కడ ఎసిటమినోఫెన్ అంటారు. అక్కడి డోలో, ఇక్కడి టైలినాల్ ఒకటే మందు. ఒళ్ళునొప్పులకి అదీ, జ్వరానికి ఇదీ అని రెండూ వేసుకుంటే కాలేయానికి ముప్పు. ఆయాసానికి వాడే సాల్‌బ్యూటమాల్ ఇక్కడికొచ్చేసరికి ఆల్‌బ్యూటరాల్ అవుతుంది. థైరాయిడ్‌కి అక్కడ థైరోనార్మ్ అని తెచ్చుకున్నదీ, ఇక్కడ లీవోథైరాక్సిన్ అని సీసాలో వచ్చేదీ ఒకటే. కంప్యూటర్ తనకి తెలిసినవాటినే పోల్చగలదు. సూట్‌కేసులో ఉన్నదీ సీసాలో ఉన్నదీ పక్కపక్కన పెట్టి చూడగలిగేది ఇంట్లో ఉన్న మనిషే.

ఇక ఏ ఫార్మసీకి వెళ్ళిందన్న గొడవ. చీటీ చేతిలో ఉంటే ఈ షాపులో మందు లేకపోతే పక్క షాపుకి వెళ్ళేవాళ్ళం. ఇక్కడ ధర ఎక్కువంటే ఇంకోచోట అడిగేవాళ్ళం. ఇప్పుడు డాక్టరు నొక్కే ముందే ఫార్మసీ తేలిపోతుంది. ఇల్లు మారినా పాత వీధిలోని షాపే అక్కడ ఉండిపోతుంది. పిల్ల కాలేజీకి వేరే ఊరు వెళ్ళి అక్కడినుంచి వీడియోలో డాక్టరుతో మాట్లాడితే, మందు మాత్రం మన ఇంటిపక్క షాపులో తయారై కూర్చుంటుంది.

పిల్లలకి ఏడీహెచ్‌డీ మందులు వాడే తల్లులకి ఈ బాధ బాగా తెలుసు. 2022 అక్టోబరులో అడరాల్ కొరత ఉందని అమెరికా ఎఫ్‌డీఏ ప్రకటించింది. ఆ మందులకి రీఫిల్స్ ఉండవు, ప్రతిసారీ కొత్త చీటీ కావాలి. చీటీ వెళ్ళిన షాపులో సరుకు లేకపోతే, తల్లే ఒక్కో షాపుకీ ఫోన్ చేసి, ఉన్నచోటు కనుక్కుని, మళ్ళీ డాక్టరు ఆఫీసుకి ఫోన్ చేసి, అక్కడికి కొత్తగా పంపమని బతిమాలాలి. అటువంటి చీటీని, ఇంకా మందు ఇవ్వకముందైతే, ఒక ఫార్మసీ నుంచి ఇంకో ఫార్మసీకి ఒకసారి మార్చుకోవచ్చని 2023 ఆగస్టు 28 నుంచి కేంద్ర నిబంధన వచ్చింది. రాష్ట్ర చట్టం అడ్డురాకపోతే ఇది పనికొస్తుంది. కాబట్టి "మార్చడం కుదరదు" అని కౌంటర్ దగ్గర అనగానే వెనక్కి రాకండి. ఈ నిబంధన సంగతి చెప్పి అడగండి.

"అన్నీ యాప్‌లో ఉంటాయి కదా, ఇంకా కాగితం ఏమిటి?" అంటారు మా ఆయన. ఉంటాయి. ఎవరి ఫోనులో ఉంటాయన్నదే నా ప్రశ్న. అత్తగారి ఆస్పత్రి యాప్ కొడుకు ఫోనులో ఉంటుంది, పాస్‌వర్డ్ ఆయనకే తెలుసు, ఆయన మీటింగులో ఉంటారు. మెసేజ్ వచ్చేదీ ఆ ఫోనుకే. పొద్దున్నే టిఫిన్ ముందు ఏ మాత్ర, తర్వాత ఏ మాత్ర అని చేతిలో పెట్టేది మాత్రం కోడలు. రికార్డులో పేరు ఒకరిది, పని ఒకరిది. పిల్లల సంగతీ అంతే, టీనేజీలోకి రాగానే వాళ్ళ రికార్డులో తల్లికి కనిపించేవి తగ్గిపోతాయి. ఏ వయసులో అన్నది రాష్ట్రాన్నీ ఆస్పత్రినీ బట్టి ఉంటుంది. ఇందులో ఎవరి కుట్రా లేదు. ఈ ఏర్పాటు చేసినవాళ్ళకి డాక్టరు కనిపించారు, ఫార్మసీ కనిపించింది, ఇన్సూరెన్స్ కంపెనీ కనిపించింది. వంటింటి గట్టు మీద వారం మాత్రల డబ్బా నింపే మనిషి కనిపించలేదు.

ఇండియాలో ఉన్న చెల్లెళ్ళూ వదినలూ ఇది మీ గొడవ, మాది కాదు అనుకోకండి. అక్కడా చీటీ ఫోనులోకి ఎక్కుతోంది. ఈ-సంజీవనిలో ఇంటి నుంచే డాక్టరుతో మాట్లాడితే చీటీ కూడా ఫోనుకే వస్తుంది. ఒక విషయంలో మాత్రం మనదేశం నిబంధన నాకు నచ్చింది. 2020 మార్చి 25న వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం డాక్టరు చీటీని ఫోటోగానో స్కాన్‌గానో డిజిటల్‌గానో పేషెంటుకే పంపొచ్చు. నేరుగా మందుల షాపుకి పంపాలంటే పేషెంటు స్పష్టంగా ఒప్పుకోవాలి, తనకిష్టమైన ఏ షాపులోనైనా కొనుక్కునే వీలుండాలి. అంతకుముందు 2016లోనే, మందుల జెనరిక్ పేర్లు స్పష్టంగా, వీలైతే పెద్దక్షరాల్లో రాయాలని మెడికల్ కౌన్సిల్ నిబంధనల్లో చేర్చారు. చీటీ ముందు పేషెంటుది, తర్వాతే షాపుది అన్న ఆలోచన అందులో ఉంది. దాన్ని పోగొట్టుకోకండి. "మేమే షాపుకి పంపేస్తాం, మీకెందుకు శ్రమ" అని ఎవరైనా అంటే, పంపండి, నాకూ ఒకటి పంపండి అనండి. అమ్మానాన్నల ఫోనుకి వచ్చినదాన్ని పక్కనున్న జెరాక్స్ షాపులో ప్రింటు తీయించి ఫైల్లో పెట్టించండి. లింకులు నెల తర్వాత ఎవరికీ దొరకవు.

ఇంక మనం చేయగలిగింది చెప్తాను. పెద్ద పోరాటమేమీ అక్కర్లేదు, డాక్టరు గదిలో నాలుగు మాటలు చాలు.

ఒకటి, "ఇవాళ మీరు పంపినవాటి ప్రింటు ఇవ్వండి." ఇక్కడ చాలా ఆస్పత్రుల్లో ఆనాటి వివరాల కాగితం ఇచ్చే అలవాటు ఉంది. అడగకపోతే యాప్‌లో చూసుకోండి అంటారు. అడగాలి.

రెండు, "ఇది దేనికో కూడా రాయండి." సీసా మీద మందు పేరు, రోజుకి ఎన్నిసార్లు అని ఉంటుంది, దేనికో చాలాసార్లు ఉండదు. "బీపీకి", "దురదకి" అన్న ఒక్క మాట చీటీలో చేరిస్తే సీసా మీదికీ వస్తుంది. పైన చెప్పిన హైడ్రాలజైన్, హైడ్రాక్సిజైన్ తికమకని ఫార్మసిస్టు పట్టుకోవడానికి కూడా ఆ మాటే ఆధారం.

మూడు, "ఆపేసినవి ఏవి? ఫార్మసీకి కూడా చెప్పారా?" ఈ ప్రశ్న ప్రతిసారీ అడగాలి. మనం కూడా ఫార్మసీకి ఫోన్ చేసి ఆ మందు ఆటో రీఫిల్ తీసేయమని చెప్పాలి.

నాలుగు, "ఏ ఫార్మసీకి పంపుతున్నారు?" వీధి పేరుతో సహా చెప్పించుకోవాలి.

ఫార్మసీ కౌంటర్ దగ్గర చిన్న తెర మీద సంతకం పెట్టమంటారు కదా, అందులో "ఫార్మసిస్టుతో మాట్లాడక్కర్లేదు" అన్నది కూడా చాలాచోట్ల కలిసే ఉంటుంది. మనం వెనక వరస చూసి హడావుడిగా గీసేస్తాం. 1990లో వచ్చిన కేంద్ర చట్టం, మందు గురించి వివరిస్తామని ఫార్మసిస్టే ముందుకు రావాలని మెడికెయిడ్ వాళ్ళ విషయంలో పెట్టింది. చాలా రాష్ట్రాలు దాన్ని అందరికీ వర్తింపజేశాయి. అడిగితే వాళ్ళు ఓపిగ్గా చెప్తారు, దానికి డబ్బు తీసుకోరు. సంచీ అక్కడే విప్పి, చేతిలో ఉన్న కాగితంతో పోల్చి చూసుకోవడానికి రెండు నిమిషాలు పడుతుంది. వెనకవాళ్ళు ఆగుతారు.

ఇంటికొచ్చాక పెద్దవాళ్ళ సీసాల మీద తెలుగులో రాసి అంటించండి. "టేక్ వన్ టాబ్లెట్ బై మౌత్ ట్వైస్ డైలీ" అన్నది మన పెద్దవాళ్ళకి ఎక్కదు. 1-0-1 అంటే చటుక్కున తెలుస్తుంది, పొద్దున ఒకటి, మధ్యాహ్నం లేదు, రాత్రి ఒకటి అని. అక్కడ మందుల షాపాయన అట్టపెట్టె మీద పెన్నుతో గీసిచ్చే ఆ మూడంకెలు ఎంతమంది పెద్దవాళ్ళని కాపాడాయో! ఫ్రిజ్ తలుపు మీద ఒక పట్టిక ఉండనివ్వండి: మందు అసలు పేరు, దేనికి, ఎప్పుడు, ఎవరు రాశారు, ఎప్పుడు ఆపారు. సూట్‌కేసు మందులు కూడా అందులో ఉండాలి. డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు దానికి ఫోటో తీసుకెళ్తే చాలు.

ఇదంతా మళ్ళీ ఆడవాళ్ళ నెత్తినే పెడుతున్నావేమిటని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఈ పని ఇప్పటికే మన నెత్తిన ఉంది, కళ్ళకి గంతలు కట్టుకుని చేస్తున్నాం, అదే నా బాధ. ఇంట్లో మగవాళ్ళు పంచుకుంటే సంతోషం. పంచుకోవడానికైనా ముందు ఆ పని అందరికీ కనిపించాలి. ఫోనులో దాగున్నది ఒక్కరికే కనిపిస్తుంది. ఫ్రిజ్ మీద అంటించింది ఇంటిల్లిపాదికీ కనిపిస్తుంది.

చీటీ కంప్యూటర్లో వెళ్ళనివ్వండి, వేగంగా వెళ్ళనివ్వండి. కానీ ఆ మందు చివరికి చేరేది మన ఇంట్లో మనిషి ఒంట్లోకి. అందులో ఏముందో తెలుసుకునే హక్కు, మందు ఇచ్చే చేతికీ వేసుకునే నోటికీ మొదట ఉండాలి. ఈసారి డాక్టరుగారు "పంపించేశాను" అనగానే లేచి రాకండి. "నాకూ ఒక కాపీ ఇవ్వండి డాక్టరుగారూ" అని అడిగి, అది చేతిలో పడ్డాకే కుర్చీలోంచి లేవండి.